మోకాలి లోతు

మా అక్క నన్ను నోరు తెరిచి అడిగిన కోరిక ఒక్కటే. పెరట్లో చిన్న కొలను తవ్వించమని. ఇంకెవరైనా అడిగితే అప్పటికప్పుడే సరే అనేదాన్ని. అక్క అడిగేసరికి దోమలని వంక పెట్టాను.

అక్కకి ఫిట్స్ ఉండేవి. చిన్నప్పుడే మొదలయ్యాయి. అప్పట్లో మేము మొగల్తూరు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే పంట కాలవ. బట్టలుతకడం, గేదెల్ని కడగడం, పిల్లల ఈతలు అన్నీ ఆ కాలవ రేవులోనే. ఒకరోజు పొద్దున్న అక్క అమ్మతో పాటు రేవుకి వెళ్ళింది. మెట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తూ ఉన్నదల్లా ఉన్నట్టుండి పక్కకి ఒరిగి కాలవలో పడిపోయింది. జారిందనుకుంది అమ్మ. పడిన పిల్ల అరవలేదు, చేతులు పైకెత్తలేదు. అవతల గేదెల్ని కడుగుతున్న మనిషి చూసి, ఈదుకుంటూ వచ్చి, జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. గట్టు మీద పడుకోబెట్టాక కూడా కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూనే ఉన్నాయట. ఎవరో పరిగెత్తుకొచ్చి గుప్పెట్లో తాళాల గుత్తి పెట్టారట. ఇవన్నీ అమ్మ తర్వాత వందసార్లు చెప్పగా విన్నవే. నేను మరీ చిన్నదాన్ని. నా కళ్ళతో చూసినట్టు గుర్తున్నది మాత్రం అక్క పరికిణీ అంచు నుంచి మెట్ల మీదికి కారుతున్న నీళ్ళు.

ఆ రోజు నుంచి అమ్మ అక్కకీ నీళ్ళకీ మధ్య నిలబడిపోయింది. మా ప్రాంతంలో నీళ్ళు లేని చోటు ఎక్కడుంటుంది? ఏ వైపు నాలుగు అడుగులు వేసినా కాలవో, బోదో, చెరువో అడ్డొస్తుంది. అందుకని అక్క అడుగులే తగ్గిపోయాయి. బడికి అమ్మ తీసుకెళ్ళి తీసుకొచ్చేది. ఇంట్లో స్నానాల గది తలుపుకి గడియ పీకించేసింది. అక్క లోపల స్నానం చేస్తున్నంతసేపూ బయట పీట వేసుకుని కూర్చుని, "మాట్లాడుతూ ఉండవే" అనేది. అక్క ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. మాట ఆగితే అమ్మ తలుపు తోసేసేది. బకెట్టు సగానికి మించి నింపనిచ్చేది కాదు. అక్క పెరిగి పెద్దదయినా ఆ పద్ధతి మారలేదు. వయసొచ్చిన మనిషి లోపలినుంచి "సబ్బు రాసుకుంటున్నానమ్మా, నీళ్ళు పోసుకుంటున్నానమ్మా" అని చెప్పుకుంటూ ఉంటే, ఇంటికొచ్చిన చుట్టాలు మొహాలు చూసుకుని నవ్వుకునేవాళ్ళు. అక్కకి ఆ నవ్వులు వినపడేవి.

పుష్కరాలకి రాజమండ్రి వెళ్ళినప్పుడు మేమంతా రేవులో మునకలు వేశాం. అక్కని పై మెట్టు మీద కూర్చోబెట్టి, అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోసింది.

"ఎక్కడ పోసుకున్నా గోదారి నీళ్ళే. పుణ్యం అంతా వస్తుంది" అంది.

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. నీళ్ళలో అరుస్తూ ఒకరి మీద ఒకరు చల్లుకుంటున్న జనాన్ని చూస్తూ కూర్చుంది. నేను తడిబట్టలతో పైకి వచ్చేసరికి, "కింద మెట్లు పాచి పట్టి ఉంటాయా? కాళ్ళకి ఎలా తగుల్తుందే?" అని అడిగింది. ఏం చెప్పానో గుర్తులేదు.

ఒక పెళ్ళి సంబంధం వచ్చింది. అమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కబురు పెట్టలేదు. తర్వాత ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. మా వైపు ఆడవాళ్ళు చాలామంది లేసు అల్లుతారు. అక్క కూడా కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లేది. పువ్వులూ ఆకులూ తీగలూ ఎంత చక్కగా అల్లేదంటే, ఇచ్చిన నమూనా కంటే తను అల్లినదే బాగుందని తీసుకెళ్ళేవాళ్ళు. ఆ కిటికీలోంచి కాలవ కనిపించేది. అమ్మ అదొక్కటీ ఆపలేకపోయింది.

అమ్మ పోయాక అక్కని నేను నిడదవోలు తెచ్చేసుకున్నాను. నేను స్కూల్లో టీచర్ని, మా ఆయనది రైల్వేలో ఉద్యోగం. ఒక్కగానొక్క కొడుకు హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఊరి చివర మేము కట్టుకున్న ఇంటికి వెనక కాస్త పెద్ద పెరడే ఉంది. జామచెట్టు, రెండు కొబ్బరిచెట్లు, కూరపాదులు. ఇక్కడికి వచ్చాక మా ఆయన అక్కని రాజమండ్రిలో మంచి డాక్టరుకి చూపించాడు. కొత్త మాత్రలతో ఫిట్స్ బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు. ఎప్పుడో, ఏ సూచనా లేకుండా, చేతిలో కంచం జారినట్టు మనిషి జారిపోయేది.

ఒక వానాకాలం సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి అక్క పెరట్లో ఈశాన్యం మూల గొడుగు వేసుకుని నిలబడి ఉంది. అక్కడ నేల కొంచెం పల్లం. వాన నీళ్ళు నిలిచి, కప్పలు చేరి, గోలగోలగా ఉంది.

"ఇక్కడో కొలను తవ్విద్దామే. చిన్నదే. కలువలు వేసుకుంటాను" అంది, నా వైపు చూడకుండా.

"కొలనా? ఎందుకక్కా, దోమలు."

"దోమ పిల్లల్ని తినే చేపలుంటాయంట. మరిదిగారిని అడిగాను."

అంటే నాకంటే ముందు మా ఆయనతో మాట్లాడిందన్నమాట. ఆయన అప్పటికే ఒప్పుకున్నట్టున్నాడు కూడా. అన్నం దగ్గర నేను కోపంగా ఉంటే, "ఈశాన్యంలో నీళ్ళుంటే మంచిదే కదా" అన్నాడు. ఆయనకి వాస్తు మీద నమ్మకం లేదన్న సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

"మీకు తెలియదు, మా అమ్మ అక్కని ఎలా కాపాడుకొచ్చిందో" అన్నాను.

అక్క మజ్జిగ కలుపుకుంటూ, "కాపాడింది. నేను కాదనలేదు. ఇన్నేళ్ళూ కాపాడినదాన్ని ఒక్కసారి కాళ్ళు తడుపుకోనివ్వండి అంటున్నాను" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేను కూడా గట్టిగా కాదనేదాన్ని.

చివరికి తవ్వడానికి ఒప్పుకున్నాను. ఎంత లోతు అన్న దగ్గర తిరకాసు వచ్చింది.

నేను జానెడు చాలన్నాను. అక్క నవ్వింది. "జానెడు లోతుదాన్ని పళ్ళెం అంటారే. కొలను అనరు." మా ఆయన మూడడుగులు ఉండాలన్నాడు. లోతు తక్కువైతే ఎండాకాలం నీళ్ళు సలసల కాగిపోతాయి, దుంపలు కుళ్ళిపోతాయి, చేపలు తేలిపోతాయి అని ఆయన లెక్క. అది నిజమే. కానీ మూడడుగులంటే మనిషి నడుము దాటుతుంది. నేను ససేమిరా అన్నాను. వారాల తరబడి ఇంట్లో ఇదే మాట. కూర తరుగుతూ, బట్టలు మడత పెడుతూ, జానెడు, మూరెడు, మోకాలు, నడుము. ఒకోసారి వాదన ముదిరి నవ్వుల్లో పడేది. ఒకోసారి నేను లేచి వెళ్ళిపోయేదాన్ని.

ఆ మధ్యలో డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. ఎప్పుడూ అక్క తరఫున నేనే మాట్లాడతాను. ఆ రోజు మాత్రం ఆయన మందులు రాస్తుండగా అక్కే అడిగింది.

"డాక్టరుగారూ, మా చెల్లి పెరట్లో కొలను తవ్విద్దామనుకుంటున్నామండి. నాలాంటి మనిషికి ఎంత లోతైతే భయం లేదండి?"

ఆయన రాయడం ఆపి ఆమె వంక చూశాడు. పెద్దాయన. మాట మెత్తన. "చూడమ్మా, లోతుతో పని లేదు. నీళ్ళలో ఉండగా ఫిట్స్ వచ్చి బోర్లా పడితే మొహం మునిగేటన్ని నీళ్ళు చాలు. బకెట్లో మొహం పెట్టి పోయినవాళ్ళు కూడా ఉన్నారు. పక్కన మనిషి ఉన్నారా లేదా, అదొక్కటే చూసుకోవాలి" అన్నాడు.

నాకు గొప్ప బలం వచ్చినట్టయింది. ఇంక ఈ గొడవ తీరిపోయిందనుకున్నాను. తిరుగు రైల్లో అక్క కిటికీ పక్కన కూర్చుంది. గోదావరి బ్రిడ్జి మీదికి రాగానే అందరిలాగే చెయ్యి బయటికి పెట్టి చిల్లర పైసలు విసిరి దణ్ణం పెట్టుకుంది. వానలకి నది ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి నిండుగా ఉంది. బ్రిడ్జి దాటి చాలా దూరం వచ్చాక నా వైపు తిరిగింది.

"విన్నావుగా, లోతుతో పని లేదన్నారు."

"అవును. ఎంత లోతైనా ప్రమాదమే అన్నారు."

"అదేనే నేననేదీ. జానెడు తవ్వినా భయమే, మూరెడు తవ్వినా భయమే. ఎలాగూ ఒకటే భయం పడబోతున్నప్పుడు కాస్త మంచి కొలనే తవ్వుకుందాం."

అక్క అంత దూరం ఆలోచించి ఉంటుందని నేను అనుకోలేదు. ఎదురు సీట్లో కూర్చున్న ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నీకు ఎంత కావాలి? నిజంగా చెప్పు" అన్నాను చివరికి.

"ఇంటికెళ్ళాక చూపిస్తాను" అంది అక్క. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పెరటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి, మోకాలి చిప్ప కింద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడికి. ఇక్కడిదాకా వస్తే నీళ్ళలో ఉన్నట్టు ఉంటుంది. అంతకంటే వద్దు."

ఆ కాలు ఎంత తెల్లగా, సన్నగా ఉందో అప్పుడే చూశాను. ఎండా వానా బురదా ఎరగని కాలు. మా ఆయన లోపలినుంచి ఒక కర్ర పట్టుకొచ్చి, అక్క కాలి పక్కన నిలబెట్టి, ఆవిడ చూపించిన చోట చాకుతో గాటు పెట్టాడు. "అడుగున మట్టికి ఇంకో జానెడు కలుపుకుంటాను వదినగారూ. నీళ్ళు మాత్రం ఇక్కడిదాకే" అన్నాడు. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కకుండా పైన కొబ్బరాకుల పందిరి వేస్తానన్నాడు.

వానలు పోయి, చలికాలం దాటి, కాలవలకి నీళ్ళు కట్టేశాక తవ్వకం మొదలుపెట్టాం. అప్పుడైతే నేల గట్టిపడి ఊట ఉండదు. తవ్వడానికి వచ్చిన మనిషి మొదటి పార వేసే ముందు, "ఎంత లోతండీ?" అని అడిగాడు. ముగ్గురం ఒకేసారి నోరు తెరిచాం. అతను పార పక్కన పెట్టి, "మీరు తేల్చుకుని పిలవండి" అని జామచెట్టు కిందికి వెళ్ళి బీడీ ముట్టించాడు. అక్క నవ్వలేక కూర్చుండిపోయింది. ఆవిడ అంతగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. మా ఆయన వెళ్ళి గాటు పెట్టిన కర్ర చూపించాడు.

నల్ల బంకమట్టి. తట్టలు తట్టలుగా ఎత్తి కూరపాదుల్లో పోశారు. ఒక పక్క మెట్టులా కాకుండా ఏటవాలుగా దింపించాను. చుట్టూ ఇనుప కంచె పెట్టిద్దామన్నాను. "నాకు జైలు కట్టిస్తావా?" అంది అక్క. కంచె మానేశాం. బదులుగా ఒక ఒప్పందం చేసుకున్నాం. నేను గట్టు మీద ఉంటేనే దిగాలి, నేను లేనప్పుడు పెరట్లోకే వెళ్ళకూడదు. అక్క అంతటితో ఆగలేదు. పెరటి తలుపుకి తాళం తనే తెప్పించి, సెలవుల తర్వాత మొదటిరోజు నేను స్కూలుకి బయల్దేరుతుంటే తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వేసుకెళ్ళు. నీకు పిల్లల ముందు మనసు నిలవాలి కదా."

ఆ తాళం వేస్తుంటే అమ్మ పీకించిన గడియ గుర్తొచ్చింది. అక్క మాత్రం లోపల లేసు అల్లుకుంటూ మామూలుగానే ఉంది.

తొలకరి పడ్డాక కొలను నిండింది. తేటపడటానికి కొన్నాళ్ళు ఆగాం. మా ఆయన కలువ దుంపలు తెచ్చి నాటాడు. చిన్నచిన్న చేపలు వదిలాడు. ఒక ఆదివారం సాయంత్రం అక్క చీర దోపుకుని, నా చెయ్యి పట్టుకుని ఏటవాలు మీదుగా దిగింది. మొదటి అడుగుకి నా వేళ్ళు నలిగిపోయేంత గట్టిగా పట్టుకుంది. రెండో అడుగు, మూడో అడుగు. నీళ్ళు సరిగ్గా తను చూపించిన చోటికి వచ్చాయి. అక్కడ ఆగి కిందికి చూస్తూ నిలబడింది.

"మట్టి మెత్తగా ఉందే. వేళ్ళ సందుల్లోంచి పైకొస్తోంది" అంది. "అమ్మ చూస్తే గుండె ఆగిపోయేది" అని నవ్వింది. నవ్వుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. మా ఆయన ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోయాడు.

తర్వాత మా సాయంత్రాలు అక్కడే గడిచేవి. నేను గట్టు మీద స్టూలు వేసుకుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. అక్క నీళ్ళలో నిలబడి ఎండిన ఆకులు ఏరేది, మొగ్గలు సవరించేది, చేపలతో మాట్లాడేది. చేపలు తన కాళ్ళని పొడిచి చూస్తుంటే చిన్నపిల్లలా కిలకిలలాడేది. కలువలు పూశాక ఇంటింటికీ పంచేది. వినాయకచవితికి మా వీధిలో అందరి పూజల్లోనూ అక్క కలువలే. ఆ వీధివాళ్ళకి అంతవరకు మా ఇంట్లో ఒక మనిషి కిటికీ దగ్గర కూర్చుంటుందని మాత్రమే తెలుసు. "కలువపూల అక్కయ్యగారు" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపుకి ఆవిడ ఎంత మురిసిపోయేదో.

చవితి వెళ్ళిన వారమే అది జరిగింది. అక్క నీళ్ళ మధ్యలో నిలబడి నాతో ఏదో చెబుతోంది. మాట మధ్యలో ఆగింది. అమ్మ పెంపకం నాలో ఎక్కడుందో, మాట ఆగగానే తలెత్తాను. అక్క కళ్ళు పక్కకి తిరిగిపోయాయి. ఒళ్ళు కొయ్యబారింది. మరుక్షణం బోర్లా పడిపోయింది. నేను ఎలా దూకానో తెలియదు. మొహం పైకి తిప్పి, తల నా గుండెలకి అదుముకుని, బురదలో కూలబడి కూర్చున్నాను. అక్క ఒళ్ళంతా కొట్టుకుంటోంది. నీళ్ళు నా నోట్లోకీ ముక్కులోకీ చిమ్ముతున్నాయి. కేకలు విని మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. మేమిద్దరం కలిసి ఒడ్డుకి లాగి, పక్కకి తిప్పి పడుకోబెట్టాం. లాగేటప్పుడు గట్టు రాయి తగిలి అక్క నుదురు చిట్లింది. కాసిని నీళ్ళు కక్కింది. తర్వాత ఊపిరి కుదుటపడింది.

తెలివి వచ్చాక అక్క మొదట అడిగింది, "మొక్కలు తొక్కేశానా?" అని.

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది. "రేపే పూడ్పించేస్తాను" అని అరిచాను.

అక్క నుదుటికి గుడ్డ అదుముకుని మంచం మీద కూర్చుంది.

"పూడ్పించు. నీ భయం నాకు తెలుసు. నేనేమీ అనుకోను. కానీ ఒక్క మాట. నేను పడ్డాను, నువ్వు తీశావు. చిన్నప్పుడు కాలవలో పడ్డాననేగా అమ్మ నన్ను జీవితమంతా ఒడ్డున కూర్చోబెట్టింది. తీసిన మనిషి సంగతి ఎప్పుడూ ఎవరూ తలుచుకోలేదు."

మర్నాడు మా ఆయన నన్ను అడగకుండానే పార తీశాడు. పూడుస్తాడనుకున్నాను. మధ్యలో మట్టి కొంచెం ఎత్తు చేస్తే సగం లోతు అవుతుంది, అలా చేయనా అని అడిగాడు. నేను గట్టు మీద నిలబడి ఆ నీళ్ళని చూశాను. సగం చేస్తే నా భయం సగం అవుతుందా అని ఆలోచించాను. కాదని తెలుస్తూనే ఉంది. "వద్దండి. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి" అన్నాను. కొత్తగా ఒకటే మార్చాను. ఆ రోజు నుంచి గట్టు మీద కూర్చోవడం మానేసి నేను కూడా అక్కతో పాటు నీళ్ళలోకి దిగాను. అక్క మీద బెంగతో అమ్మ నన్నూ కాలవ దగ్గరికి రానిచ్చేది కాదు. నాకూ ఈత రాదు. ఇద్దరం చీరలు దోపుకుని, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, చిన్నప్పుడు చేయనివన్నీ ఆ కాసిని నీళ్ళలో చేశాం. పడవలు వదిలాం. ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నాం. స్కూల్లో నన్ను చూసి వణికే పిల్లలు చూసి ఉంటే ఏమనుకునేవాళ్ళో.

మా ఇద్దరికీ అంత బాగా గడిచిన రోజులు వేరే లేవు. అవి ఎక్కువ లేవు.

ధనుర్మాసంలో, మంచు బాగా పడుతున్న ఒక ఉదయం, నేను కాఫీ గ్లాసు పట్టుకుని అక్క గదిలోకి వెళ్ళాను. మామూలుగా నాకంటే ముందే లేచే మనిషి. దుప్పటి సగం కింద పడి ఉంది. అక్క బోర్లా, మొహం దిండులో పెట్టుకుని పడుకుని ఉంది. భుజం మీద చెయ్యి వేశాను. చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఏమిటో చేతికి తెలిసింది, మనసు ఒప్పుకోలేదు. "అక్కా, కాఫీ" అన్నాను. మళ్ళీ అన్నాను. మా ఆయన వచ్చి నా చేతిలో గ్లాసు తీసుకునేదాకా అంటూనే ఉన్నానట.

దినాలయ్యాక ఒక్కదాన్నే రాజమండ్రి వెళ్ళి ఆ డాక్టరుగారిని కలిశాను. నిద్రలో కూడా ఇలా జరుగుతుందని ఆయన చెప్పాడు. నొప్పి తెలిసి ఉండదన్నాడు. "ఇంటివాళ్ళకి ముందే చెప్పాలమ్మా. చెబితే రాత్రిళ్ళు ఎవరూ నిద్రపోరు. చెప్పలేకపోతుంటాం" అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నేను ఆయన మీద కోప్పడదామని వెళ్ళాను. కోప్పడలేకపోయాను. ఇన్నేళ్ళూ బకెట్టు నీళ్ళని చూసి భయపడ్డాం, కాలవని చూసి భయపడ్డాం. మంచాన్ని చూసి ఎవరు భయపడతారు?

అస్థికలు దినాల్లోనే కొవ్వూరు రేవులో కలిపాం. పడవవాడు నది మధ్యకి తీసుకెళ్ళాడు. కొడుకులాంటి వాడిగా మా ఆయనే అన్నీ చేశాడు. ఆయన కుండ వంచుతుంటే నేను కుండ అంచు పట్టుకున్నాను. ఆడవాళ్ళు పట్టుకోకూడదని పురోహితులుగారు అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు. శీతాకాలం కదా, నది నిదానంగా ఉంది. బూడిద నీళ్ళ మీద కాసేపు తెట్టులా కట్టి, విడిపోయి, కనిపించకుండా పోయింది. ఒకప్పుడు ఇదే నది ఒడ్డున అక్క నెత్తి మీద చెంబుడు నీళ్ళు పడ్డాయి. ఆ మాట చెప్పుకోవడానికి నాకు అక్క ఒక్కతే ఉండేది.

కార్యానికి వచ్చిన మా పిన్ని వెళ్తూ వెళ్తూ పెరట్లోకి చూసి, "అది పూడ్పించెయ్యండి. చూసినప్పుడల్లా మీ అక్క అందులోనే నిలబడి ఉన్నట్టు ఉంటుంది" అంది. నిజమే, అలాగే ఉండేది. నేను పెరటి తలుపు తీయడం మానేశాను. బట్టలు కూడా డాబా మీదే ఆరేసేదాన్ని. మా ఆయన ఒకటి రెండుసార్లు అడిగాడు. పూడిస్తే ఆ చోట ఏం వెయ్యాలి, నిమ్మ చెట్టా, అరటా అని మాట మార్చి మార్చి అడిగాడు. చూద్దాం లెండి అనేదాన్ని. ఆయనే ఒకరోజు ట్రాక్టరు మట్టి తెప్పించి గేటు పక్కన పోయించాడు. అది చాలా రోజులు అక్కడే ఉంది. రోజూ స్కూలుకి వెళ్తూ దాన్ని దాటుకుని వెళ్ళేదాన్ని. దాని మీద గడ్డి మొలిచింది. చివరికి పక్కింటివాళ్ళు తమ పునాదిలోకి కావాలంటే ఇచ్చేశాం.

ఎండాకాలంలో కొలను ఇంకిపోయింది. పందిరి ఆకులు కూడా మేము మార్చలేదు. చేపల్ని మా ఆయన ముందే తీసి కాలవలో వదిలేసి వచ్చాడు. ఒక మధ్యాహ్నం తలుపు తీసి చూశాను. అడుగున మట్టి పలకలు పలకలుగా పగిలి ఉంది. ఏటవాలు మీదుగా కిందికి దిగాను. నడి ఎండ. చెప్పులు విప్పి నిలబడితే అరికాళ్ళు కాలాయి. కాసేపు నిలబడి పైకి వచ్చేశాను. ఆ రోజు ఏడ్చాను. కార్యం రోజుల్లో అందరిలో ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. మా ఆయన వరండాలో కూర్చుని విన్నాడు. వచ్చి ఊరుకోబెట్టలేదు. ఊరుకోబెట్టనందుకు నేను ఆయనకి రుణపడి ఉన్నాను.

ఈ ఏడు కాలవలకి నీళ్ళు వదిలాక, ఒక సెలవు రోజున మోటారు చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే మా ఆయన పైపు కొలనులో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తప్పు చేసినవాడిలా, "ఊరికే. పగుళ్ళు పెద్దవైపోతున్నాయని" అన్నాడు.

ఆయన పక్కకి వెళ్ళి నిలబడ్డాను. పగుళ్ళలోకి నీళ్ళు వెళ్తుంటే లోపలినుంచి బుడగలు వస్తున్నాయి. నిండటానికి చాలాసేపు పట్టేట్టు ఉంది. ఆయన లోపలికి వెళ్ళి రెండు కుర్చీలు తెచ్చి వేశాడు.